ఓడిపోయామని తెలిసీ ఎందుకు నిలబడ్డారు: 1945 ఏప్రిల్, ఓడర్ నది దగ్గర జర్మన్ జనరల్స్

మీరు అడిగింది ఇది: 1945 ఏప్రిల్ నాటికి యుద్ధం చేజారిపోయిందని జర్మన్ జనరల్స్‌కి తెలియదా? తెలిస్తే ఇంకా ఎందుకు పోరాడారు? ఓడర్ దగ్గర జర్మన్ సైన్యాలను నడిపిన గోథార్డ్ హైన్‌రిట్సీని రక్షణ యుద్ధంలో మొనగాడు అంటారు కదా, ఆ పేరు నిజమేనా? చాలా ఏళ్ళుగా ఈ యుద్ధం చివరి నెలల గురించే ఎక్కువగా చదువుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

తెలుసు. అందులో అనుమానం ఏమీ లేదు. 1945 జనవరి 12న పోలండ్‌లోని విస్టులా నది దగ్గర మొదలైన సోవియట్ దాడి మూడు వారాలు తిరక్కుండానే ఓడర్ నది దాకా వచ్చేసింది. అక్కడి నుంచి బెర్లిన్ సుమారు 70 కిలోమీటర్లు. పడమట మార్చి 7న రెమాగన్ వంతెన అమెరికన్ల చేతికి చిక్కింది, రైన్ నది అడ్డు కూడా పోయింది. పెట్రోలు లేదు, విమానాలు ఎగరడం లేదు, కొత్తగా వస్తున్నది పదిహేను పదహారేళ్ళ కుర్రాళ్ళు, యాభై దాటిన పెద్దవాళ్ళు. మ్యాపు చదవడం వచ్చిన ఏ అధికారికైనా సంగతి అర్థమైపోయింది.

అయినా సైన్యం నిలబడింది. దానికి అయిన ఖర్చు చూడండి. చరిత్రకారుల లెక్కల్లో ఒక్క జనవరిలోనే నాలుగున్నర లక్షల మంది జర్మన్ సైనికులు చనిపోయారు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏ నెలా 2,80,000కు తగ్గలేదు. ఇవి సైనికుల చావులు మాత్రమే. పౌరులు, ఖైదీలు, ఎదుటి వైపు చనిపోయినవాళ్ళు ఈ లెక్కలోకి రారు. అందుకే ఎంత బాగా పోరాడారు అన్న ప్రశ్న ఒక్కటే వేసుకుంటే నాకు తృప్తిగా ఉండదు. ఆ పోరాటంతో దొరికిన రోజుల్లో ఏం జరిగింది అని కూడా అడగాలి.

హైన్‌రిట్సీ సంగతికి వద్దాం. తూర్పు ప్రష్యాలోని గుంబినెన్‌లో 1886లో పుట్టాడు, తండ్రి చర్చి పాస్టర్. 1942 జనవరి నుంచి 1944 జూన్ దాకా, మధ్యలో కొన్ని విరామాలు తప్ప, తూర్పు ఫ్రంట్‌లో నాలుగో సైన్యాన్ని నడిపాడు. 1943 శరదృతువులో బెలారుస్‌లోని ఓర్షా దగ్గర తనకంటే ఎన్నో రెట్లు పెద్ద సోవియట్ బలగాలను పదేపదే ఆపాడు. పేరు అక్కడ వచ్చింది.

1945 మార్చి 20న హిట్లర్ అతన్ని విస్టులా ఆర్మీ గ్రూప్‌కి, అంటే ఓడర్ దగ్గర బెర్లిన్‌కి అడ్డంగా ఉన్న సైన్యాల కూటమికి, కమాండర్‌గా వేశాడు. అంతకుముందు ఆ పదవిలో ఉన్నది హిమ్లర్. నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్ఎస్‌కి అధిపతి, సైన్యాన్ని నడపడంలో చెప్పుకోదగ్గ అనుభవం లేనివాడు. రెండు నెలల్లో పని పాడుచేసి, జబ్బు పేరు చెప్పి ఆసుపత్రిలో పడుకున్నాడు. పదవి అప్పగించిన తీరు హైన్‌రిట్సీ తర్వాత చెప్పాడు. మార్చి 22న హెడ్‌క్వార్టర్స్‌కి వెళ్తే హిమ్లర్ తాను చేసినవన్నీ ఏకరువు పెడుతూ కూర్చున్నాడట. మధ్యలో ఫోన్ మోగింది. ఆ గ్రూప్‌లోని తొమ్మిదో సైన్యం కమాండర్ బుస్సె లైన్‌లో ఉన్నాడు: ఓడర్‌కి ఇవతల సోవియట్ స్థావరాలు రెండూ కలిసిపోయాయి, ఓడర్ ఒడ్డున జర్మన్ల చేతిలో ఉన్న క్యూస్ట్రిన్ కోటకు దారి తెగిపోయింది. హిమ్లర్ వెంటనే ఫోన్ హైన్‌రిట్సీ చేతిలో పెట్టి, ఇప్పుడు కమాండర్ మీరే, ఆదేశాలు మీరే ఇవ్వండి అన్నాడట. ఒక దేశ రాజధానిని కాపాడే బాధ్యత చేతులు మారిన పద్ధతి అది.

క్యూస్ట్రిన్‌ని విడిపించమని హిట్లర్ పట్టుబట్టాడు. మార్చి 27న చేసిన ఎదురుదాడిలో జర్మన్ దళాలు చదునైన మైదానంలో సోవియట్ ఫిరంగులకు దొరికిపోయాయి. మరుసటి రోజు ఈ గొడవ మీదే హిట్లర్‌కీ, సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి గుడేరియన్‌కీ పెద్ద వాగ్వాదం జరిగింది, గుడేరియన్ ఉద్యోగం పోయింది.

ఇక జేలో గుట్టలు. ఓడర్‌కి పడమటి ఒడ్డున ఓడర్‌బ్రుఖ్ అనే పల్లపు మైదానం ఉంటుంది. కాలువలు, పొలాలు, బురద. ఆ మైదానం దాటగానే లేచే గుట్టల వరస జేలో. పెద్ద ఎత్తేమీ కాదు, యాభై మీటర్ల దాకా ఉంటాయి. కానీ కింద ఉన్నవాడికి పైన ఏముందో కనపడదు, పైన ఉన్నవాడికి కింద అంతా కనపడుతుంది. హైన్‌రిట్సీ నది ఒడ్డును వదిలేసి అసలు రక్షణ వరస ఈ గుట్టల మీద కట్టించాడు. ఎగువన ఉన్న రిజర్వాయర్ నుంచి నీళ్ళు వదిలించాడు. అప్పటికే మంచు కరిగి నానిపోయి ఉన్న మైదానం పూర్తిగా చిత్తడైపోయింది. ట్యాంకులు రోడ్లు వదిలి దిగడానికి లేదు.

అతని అసలు నేర్పు మాత్రం వేరే ఉంది, దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. సోవియట్ దాడి ఎప్పుడూ భారీ ఫిరంగి కాల్పులతో మొదలవుతుంది. ఆ కాల్పుల్లో మొదటి వరస కందకాల్లో ఉన్నవాళ్ళు సగానికి పైగా పోతారు, మిగిలినవాళ్ళు మతి చెదిరి ఉంటారు. హైన్‌రిట్సీ చేసేదేమిటంటే, దాడి జరగబోయే ముందు రాత్రి మొదటి వరసను ఖాళీ చేయించడం. కొద్దిమంది కాపలావాళ్ళను ఉంచి, మిగతా అందరినీ వెనక రెండో వరసకు తీసుకొచ్చేయడం. గుండ్లన్నీ ఖాళీ కందకాల మీద పడతాయి.

చెప్పడం తేలికే. చేయడంలో ప్రాణాంతకమైన చిక్కు ఒకటుంది. ఒక రోజు ముందు వెనక్కి వస్తే శత్రువు ఖాళీ వరసను ఆక్రమించేసుకుని అక్కడి నుంచే కొత్తగా కొడతాడు. ఒక రోజు ఆలస్యమైతే మనుషులు మిగలరు. సరిగ్గా ఏ రాత్రో కనిపెట్టాలి. ఏప్రిల్ 14న సోవియట్ దళాలు బలం పరీక్షించే చిన్న దాడులు మొదలుపెట్టాయి. నిఘా సమాచారం, పట్టుబడిన ఖైదీలు చెప్పిన మాటలు, ఏళ్ళ తరబడి ఇదే శత్రువును చూసిన అనుభవం అన్నీ కలిపి అతను 15వ తేదీ రాత్రిని ఎంచుకున్నాడు. వెనక్కి రమ్మని ఆదేశం ఇచ్చాడు. అంగుళం కూడా వదలొద్దని హిట్లర్ చెప్పిన కాలం అది. పైగా డివిజన్ స్థాయి కదలిక ఏదైనా ముందే తనకు తెలియజేయాలని, తాను ఆపడానికి వీలుండాలని జనవరి 21న హిట్లర్ రాతపూర్వకంగా ఆదేశించి ఉన్నాడు.

ఏప్రిల్ 16 తెల్లవారకముందే, బెర్లిన్ టైమ్ ప్రకారం మూడు గంటలకు, సోవియట్ కమాండర్ జుకోవ్ ఫిరంగులు మొదలయ్యాయి. జుకోవ్ లెక్క ప్రకారం ఆ ఒక్క రోజు పన్నెండు లక్షలకు పైగా గుండ్లు పేల్చారు. తర్వాత 143 సర్చ్‌లైట్లు ఒక్కసారిగా వేశారు, జర్మన్ల కళ్ళు చెదిరిపోవాలని. కానీ కాల్పుల్లో లేచిన దుమ్ము, పొగ, పొద్దుటి మంచు కలిసి గోడలా నిలబడ్డాయి. వెలుగు ఆ గోడకు తగిలి సోవియట్ సైనికుల మీదికే తిరిగొచ్చింది. ముందుకెళ్తున్నవాళ్ళు వెనక వెలుగులో నీడల్లా కనిపిస్తూ జర్మన్ల గురికి దొరికారు. గుట్టలు చేరేలోపే దాడి ఆగిపోయింది. స్టాలిన్ ఒత్తిడితో టెన్షన్‌లో ఉన్న జుకోవ్, మార్గం తెరుచుకోకముందే రెండు ట్యాంకు సైన్యాలను దించాడు. ఉన్నవి కొద్దిపాటి రోడ్లు, వాటి మీద పదాతి దళం, ఫిరంగులు, ట్యాంకులు కిక్కిరిసిపోయాయి.

తొమ్మిది లక్షల మందిని లక్ష పైచిలుకు మంది ఆపారు. ఎన్నాళ్ళు? ఏప్రిల్ 19కి గుట్టల మీద రక్షణ తెగిపోయింది. నాలుగు రోజులు. సోవియట్ వైపు సుమారు 30,000 మంది, జర్మన్ వైపు సుమారు 12,000 మంది చనిపోయారని సాధారణంగా చెబుతారు. యుద్ధవిద్య తెలిసినవాడిగా హైన్‌రిట్సీ పేరు నిజమే. ఆ విషయంలో నాకు పేచీ లేదు.

కానీ ఆ నాలుగు రోజులు ఎవరికి పనికొచ్చాయి? కొంత లోతుగా ఆలోచించాల్సింది ఇక్కడే.

జర్మన్ జనరల్స్ యుద్ధం తర్వాత చెప్పిన జవాబు ఒకటే: తూర్పు నుంచి పారిపోతున్న పౌరుల కోసం నిలబడ్డాం. ఇది పూర్తిగా అబద్ధం కాదు. తూర్పు ప్రష్యా, సైలీసియా, పోమరేనియాల నుంచి లక్షలాది మంది బళ్ళ మీద, కాలినడకన పడమటికి వస్తున్నారు. ఎర్రసైన్యం చేతిలో ఆడవాళ్ళ మీద జరిగిన అత్యాచారాలు కట్టుకథలు కావు. ఆ భయం నిజమైనది.

అయితే ఆ మాట నిజంగా ఆచరించినవాళ్ళు ఎవరో, దాని వెనక దాక్కున్నవాళ్ళు ఎవరో విడదీసి చూడాలి. పౌరుల కోసమే అయితే లాత్వియా మూలన కూర్లాండ్‌లో దారి తెగి కూర్చున్న సైన్యాన్ని సముద్రం మీద తెచ్చుకోవాలి. గుడేరియన్ పదేపదే అడిగాడు, హిట్లర్ ఒప్పుకోలేదు, మిగతా జనరల్స్ నోరు మెదపలేదు. చివరికి సుమారు రెండు లక్షల మంది అక్కడే లొంగిపోయారు. పౌరుల కోసమే అయితే పడమట అమెరికన్లను ఆపాల్సిన పని లేదు. రూర్ ప్రాంతంలో ఫీల్డ్ మార్షల్ మోడెల్ ఏప్రిల్ 1 నుంచి చుట్టుముట్టబడి కూడా రెండు వారాలకు పైగా పోరాడాడు. అతని ఎదురుగా ఉన్నది అమెరికన్లు, వెనక ఉన్నది కార్మికుల ఊళ్ళు. అమెరికన్ జనరల్ రిడ్జ్‌వే అతనికి ఉత్తరం రాశాడు: ఎనభై ఏళ్ళ కిందట అమెరికా అంతర్యుద్ధంలో రాబర్ట్ లీ గౌరవంగా లొంగిపోయాడు, మీరూ అదే చేయండి అని. మోడెల్ ఒప్పుకోలేదు. ఫీల్డ్ మార్షల్ లొంగిపోకూడదని అతని పట్టుదల. అధికారికంగా లొంగిపోకుండా, కుర్రాళ్ళను, పెద్దవయసు వాళ్ళను ఇళ్ళకు పంపి, సైన్యాన్నే రద్దు చేసేశాడు. మూడు లక్షల మందికి పైగా ఖైదీలయ్యారు. తను ఏప్రిల్ 21న డూయిస్‌బర్గ్ దగ్గర అడవిలో కాల్చుకుని చనిపోయాడు. తన పరువు కోసం అన్ని రోజులు ఆగాడు, ఆ రోజుల్లో చచ్చిపోయినవాళ్ళకు ఆ పరువుతో ఏం పని?

ఆ రోజుల్లో ఫ్రంట్ వెనక ఇంకొకటి జరిగింది. జనరల్స్ రాసుకున్న కథనాల్లో అది కనపడదు. జేలో తెగిపోయిన రెండు రోజులకు, ఏప్రిల్ 21న, బెర్లిన్ ఉత్తరాన ఉన్న జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరం నుంచి 30,000 మందికి పైగా ఖైదీలను ఎస్ఎస్ వాళ్ళు వాయవ్య దిక్కుగా నడిపించారు. నడవలేక పడిపోయినవాళ్ళను దారిలోనే కాల్చేశారు. వాళ్ళు నడిచింది విస్టులా ఆర్మీ గ్రూప్ వెనక ప్రాంతం గుండానే. రావెన్స్‌బ్రూక్ ఆడవాళ్ళ శిబిరానికి ఏప్రిల్ 30 దాకా విముక్తి రాలేదు. పడమటి వైపు గార్డెలెగెన్‌లో ఏప్రిల్ 13న 1,016 మంది ఖైదీలను కొట్టంలో పెట్టి తగలబెట్టారు, మరుసటి రోజే అమెరికన్ సైన్యం ఆ ఊరికి వచ్చింది. ఫ్రంట్ ఒక రోజు నిలబడితే శరణార్థి బండికి ఒక రోజు దొరికింది, నిజమే. హంతకులకు కూడా ఒక రోజు దొరికింది. రెండిట్లో ఒకదాన్నే లెక్కపెట్టడం న్యాయం కాదు.

మరి ఎందుకు ఆగలేదు? ఒక్క కారణం చెప్పలేం. 1934 నుంచి ప్రతి సైనికుడూ హిట్లర్ పేరు మీద ప్రమాణం చేశాడు, ఆ తరం అధికారులకు అది నిజంగానే సంకెల. 1944 జూలై 20న హిట్లర్ మీద జరిగిన హత్యాప్రయత్నం తర్వాత ఎదిరించగలవాళ్ళు ఉరికంబం ఎక్కారు, మిగిలినవాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. కుటుంబాల మీద భయం ఉంది: కోనిగ్స్‌బర్గ్‌ను ఏప్రిల్ 9న అప్పగించిన జనరల్ లాష్‌కి హిట్లర్ మరణశిక్ష వేశాడు, అతని ఇంటివాళ్ళను అరెస్టు చేయించాడు. డబ్బు కూడా ఉంది, దీని గురించి తక్కువ మాట్లాడతారు. ఫీల్డ్ మార్షల్స్‌కి జీతం కాక నెలకు 4,000 మార్కులు రహస్యంగా అందేవి. వాళ్ళలో ఒకడైన క్లూగె అరవయ్యో పుట్టినరోజుకు 2,50,000 మార్కులు అందుకున్నాడు. గుడేరియన్‌కి ఆక్రమిత పోలండ్‌లో పెద్ద ఎస్టేటే ఇచ్చారు. ఉప్పు తిన్న విశ్వాసం అన్న మాట వీళ్ళ విషయంలో అక్షరాలా నిజం. వీటన్నిటికంటే బలమైంది, నా ఉద్దేశంలో, తూర్పున తామేం చేశారో వాళ్ళకు తెలుసు. ఓడిపోతే లెక్క అడుగుతారని తెలుసు.

కింది సైనికుడికి ఇన్ని ఆలోచనలు అక్కర్లేదు, వెనక ఉరితాడు ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం ఉరితీసిన, కాల్చిన సొంత సైనికులు 48 మంది. రెండో యుద్ధంలో 15,000 పైమాటే. ఈ విషయంలో ఫీల్డ్ మార్షల్ షోర్నర్ అందరినీ మించాడు. తన ప్రాంతంలో పారిపోయినవాళ్ళను చెట్లకు ఉరితీయించి మెడలో బోర్డులు కట్టించాడు. హిట్లర్‌కి ప్రీతిపాత్రుడు. బెర్లిన్ ముందున్న పాంజర్ (ట్యాంకు) డివిజన్లలో కొన్నిటిని ఏప్రిల్ మొదట్లో హిట్లర్ హైన్‌రిట్సీ దగ్గర నుంచి లాక్కుని ఇచ్చింది ఇతనికే. అసలు దాడి ప్రాగ్ వైపు వస్తుందని ఇద్దరూ నమ్మారు. చివరికి మే 9 ప్రాంతంలో ఈ మనిషి చేసిందేమిటో తెలుసా? లక్షలమంది సైనికులను చెక్ నేల మీద వదిలేసి, చిన్న విమానమెక్కి ఆస్ట్రియాకు వెళ్ళిపోయాడు. మామూలు బట్టలు కట్టుకుని. నిలబడమని ఉరితీయించినవాడు తను నిలబడలేదు. ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

ఇంకో దారి లేదనేవాళ్ళకు ఇటలీ చూపిస్తాను. అక్కడ జర్మన్ కమాండర్ ఫీటింగ్‌హోఫ్ తరఫున ఏప్రిల్ 29న కసెర్టాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలయ్యాయి, మే 2న తుపాకులు ఆగాయి. హిట్లర్ ఇంకా బతికుండగానే చేసిన సంతకం అది. అంతకు నెల ముందు చేసి ఉంటే ఇంకా బాగుండేది, కానీ చేయడం సాధ్యమే అని తేలింది.

ఓడర్ దగ్గర ఏం జరిగిందో పూర్తి చేస్తాను. గుట్టలు పోయాక బుస్సె తొమ్మిదో సైన్యాన్ని వెంటనే వెనక్కి తేవాలని హైన్‌రిట్సీ అడిగాడు. హిట్లర్ వద్దన్నాడు. బుస్సె కూడా ఆజ్ఞ దాటలేదు. కొద్దిరోజుల్లో ఆ సైన్యం, వేలాదిమంది పౌరులతో సహా, బెర్లిన్‌కి ఆగ్నేయాన అడవుల్లో చుట్టుముట్టబడింది. హాల్బె ఊరి దగ్గర బయటపడటానికి చేసిన ప్రయత్నంలో పోయినవాళ్ళు ఎంతమందంటే, ఇప్పుడు అక్కడున్న శ్మశానంలో 20,000కు పైగా సమాధులున్నాయి. మూడు రోజుల ముందు కదిలి ఉంటే వీళ్ళలో చాలామంది బతికేవారు.

అదే సమయంలో పడమట పన్నెండో సైన్యం నడుపుతున్న వెంక్ దగ్గరికి ఏప్రిల్ 23న జర్మన్ సాయుధ దళాల హైకమాండ్ అధిపతి కైటెల్ స్వయంగా వచ్చి, వెనక్కి తిరిగి బెర్లిన్‌ను విడిపించమన్నాడు. వెంక్ తలాడించాడు. తిరిగాడు కూడా. కానీ అతని లెక్క వేరు: పాట్స్‌డామ్ దక్షిణాన ఫెర్ష్ దాకా వెళ్ళి, అక్కడ ఆగి, అడవుల్లోంచి బయటపడిన బుస్సె మనుషుల కోసం దారి తెరిచి పట్టుకున్నాడు. సుమారు 25,000 మంది సైనికులు, కొన్ని వేల మంది పౌరులు ఆ సందులోంచి వచ్చారు. వాళ్ళను తీసుకుని ఎల్బె నది దాకా నడిచి, మే 4 నుంచి 7 దాకా టాంగెర్‌మ్యుండె దగ్గర కూలిపోయిన వంతెన ఇనుపకమ్ముల మీదుగా ఒక్కొక్కరినీ అమెరికన్ల వైపు దాటించాడు. పౌరుల కోసం నిలబడ్డాం అన్న మాట ఎవరికైనా చెల్లితే వెంక్‌కి చెల్లుతుంది.

హైన్‌రిట్సీ కూడా చివర్లో అదే దారి పట్టాడు. యుద్ధం బెర్లిన్ వీధుల్లోకి రాకూడదని ముందు నుంచీ అనేవాడు. నగరంలోని వంతెనలు పేల్చొద్దన్నాడు. ఉత్తరాన మాంటోయిఫెల్ నడుపుతున్న మూడో పాంజర్ సైన్యాన్ని పై అనుమతి లేకుండా పడమటికి నడిపించాడు. ఏప్రిల్ 28న కైటెల్ రోడ్డు మీద ఆ సైన్యం వెనక్కి పోతుండటం కళ్ళారా చూసి మండిపడ్డాడు. ఆ రాత్రే హైన్‌రిట్సీ పదవి ఊడింది. అతని స్థానం తీసుకోమంటే మాంటోయిఫెల్ ఒప్పుకోలేదు. ఆ సైన్యం మే మొదటి రోజుల్లో పడమటి దేశాలకు లొంగిపోయింది. నా దృష్టిలో హైన్‌రిట్సీ చేసిన మంచిపని ఇది. జేలోలో చూపించిన నేర్పు దీని ముందు చిన్నది.

అయితే అతన్ని మహానుభావుణ్ణి చేసేముందు ఒక్క విషయం తెలుసుకోండి. ఇప్పుడు మనం చదివే హైన్‌రిట్సీ బొమ్మ చాలావరకు అతనే గీసుకున్నది. 1948లో ఖైదు నుంచి విడుదలయ్యాక, అమెరికన్ సైన్యపు చరిత్ర విభాగం కోసం రాసిన జర్మన్ జనరల్స్‌లో అతనూ ఒకడు. తర్వాత వచ్చిన రచయితలకు ఇంటర్వ్యూలిచ్చాడు. హిమ్లర్ ఫోన్ కథ, కైటెల్‌తో గొడవ, ఇలాంటివి ఎక్కువగా అతని నోటి నుంచే వచ్చాయి. యుద్ధకాలంలో రాసుకున్న ఉత్తరాలు, డైరీలు మాత్రం అతను చనిపోయిన చాలా ఏళ్ళకు ప్రచురించారు. 1941 నవంబరులో, రష్యాలో కోర్ కమాండర్‌గా ఉండగా, డైరీలో ఒక మాట రాసుకున్నాడు: గెరిల్లాలను తన కిటికీకి వంద మీటర్ల లోపు ఉరితీయొద్దని దుబాసీ అధికారికి చెప్పాడట, పొద్దున్నే చూడటానికి బాగుండదని. ఉరి ఆపమనలేదు, దూరంగా వేయమన్నాడు. 1971లో చనిపోయేదాకా అతని మీద ఏ విచారణా జరగలేదు. జేలో గురించి, వంతెనల గురించి అతను చెప్పింది చదివేటప్పుడు ఈ డైరీ పేజీని కూడా పక్కన పెట్టుకోండి.